ఇకామాలో గొర్రెల కాపరి

29 ఆగస్టు 2013, గురువారం

కొత్త కోచ్ దిగాడు. హంగేరీ మనిషి. పేరు ఇమ్రే హల్మోష్, వయసు అరవై ఏడు. రెండేళ్లలో మా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఇతను ఐదో కోచ్. డ్రైవర్ మస్తాన్ వలీ క్లబ్బు బస్సులో బురైదా ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చి గేటు ముందు దించాడు. ఆఫీసులో ముదీర్, అంటే మా మేనేజరు, ఖర్జూరాలు, కాఫీ పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఈయన అటు పోలేదు. పెట్టె గేటు దగ్గరే వదిలి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని గ్రౌండులోకి వచ్చాడు. మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలు మట్టిలోకి గుచ్చాడు.

నేను రోలర్ ఆపి చూస్తున్నాను.

"యే కిస్ కా కామ్?" అన్నాడు. కలకత్తాలో రెండేళ్లు చేశాడట. అక్కడి హిందీ.

"మేరా" అన్నాను.

"పానీ జ్యాదా" అన్నాడు.

వచ్చి అన్న మొదటి మాట అది. నీళ్లు ఎక్కువట! నలభై నాలుగు డిగ్రీల ఎండలో నిలబడి చెబుతున్నాడు. నేను వచ్చినప్పుడు ఇక్కడ ఇసుక, రాళ్లు, ఒక పాత టైరు. మా ఊళ్లో పసుపుచేనులో గరిక కనిపిస్తే వేళ్లతో పీకి గట్టు మీద పారేసేవాళ్లం. ఆ గరికనే ఇక్కడ తొమ్మిదేళ్లుగా పెంచుతున్నా. ఇన్నేళ్లలో ఏ కోచ్ దీన్ని చేత్తో ముట్టలేదు. ముట్టినవాడు తప్పు పట్టాడు.

1 సెప్టెంబర్

పంపు గదిలోకి వచ్చి ఆటో స్టార్టర్ తీసెయ్యమన్నాడు.

నాలుగేళ్ల కింద నా చేత్తో బిగించింది. మా మండలంలో అది లేని మోటారు లేదు. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి వాల్వు తెరిచి, ఆటోలో పెట్టి, మన పనికి మనం పోతాం. కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటదే లేస్తుంది. పొలం పారుతుంది. మా నాయన అట్లనే పారించాడు, నేను అట్లనే పారించాను.

"నీళ్లు పోతుంటే మనిషి ఉండాలి. మనిషి పోతే నీళ్లు బంద్" అన్నాడు.

"ఠీక్ హై" అన్నాను.

తీయలేదు. హంగేరీలో వరి పండుతుందా? నాకు నీళ్లు పెట్టడం నేర్పుతాడు.

5 సెప్టెంబర్

కోచ్ రోజూ పొద్దున్నే చెప్పులు లేకుండా గ్రౌండు చుట్టూ నడుస్తాడు. ఆయన గది డ్రెస్సింగ్ రూముల మీదే. నడక అయ్యాక పంపు గదికి వచ్చి నా దగ్గర టీ తాగుతాడు. నేను పిలవలేదు.

ఇవాళ జేబులోంచి ఒక కాగితం తీశాడు. టైపు చేసిన కాగితం, మడతల దగ్గర చిరిగితే టేపు వేశాడు. అది ఆయన పనిచేసిన చోట్ల జాబితా. పద్నాలుగు వరసలు. క్లబ్బు, దేశం, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు పోయాడు, చివర్లో కారణం. పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. సైప్రస్: ఓడాం. ఇరాన్: ఓడాం. కువైట్: యుద్ధం. కెన్యా: ప్రెసిడెంటు అల్లుడు. వియత్నాం: ఓడాం. కలకత్తా వరసలో మాత్రం, గెలిచాం, అయినా తీసేశారు, అని ఉంది.

కింద పదిహేనో వరస పెన్నుతో రాశాడు. మా క్లబ్బు, సౌదీ, ఆగస్టు 2013. తర్వాతి గడులు రెండూ ఖాళీ.

"యే భీ భరేగా" అని నవ్వాడు. ఇవీ నిండుతాయట.

తనను వెళ్లగొట్టిన చోట్లన్నీ జేబులో పెట్టుకుని తిరుగుతూ నవ్వే మనిషిని నేను ఇప్పుడే చూస్తున్నా. మనిషికి కోపం రావాలా వద్దా?

12 సెప్టెంబర్

నవంబర్ మూడు ఆఖరు తారీఖు. టీవీలో, బఖాలా కొట్టులో, బస్సులో అదే మాట. ఆ లోపల ఎవరి కాగితం ప్రకారం వాళ్లు సరిగా ఉండాలి. లేదంటే వెళ్లిపోవాలి, వెళ్లేవాళ్లకు శిక్ష లేదు. నాలుగో తారీఖు నుంచి పట్టుకుంటారు. పట్టుబడితే జైలు, పదివేళ్ల ముద్ర, మళ్లీ ఈ దేశం ముఖం చూడటం ఉండదు. మా ఊరి భూమేష్ ఖఫ్జీ నుంచి జులైలోనే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని పోయాడు.

నా ఇకామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, గొర్రెల కాపరి అని ఉంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, క్లబ్బు కాదు, క్లబ్బు ప్రెసిడెంటు తమ్ముడు. ఆయన తోట నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. వీసా చవగ్గా దొరికింది కాబట్టి ఆ పేరుతో తెప్పించి, దిగిన రోజే ఇక్కడికి పంపారు. తొమ్మిదేళ్లలో ఆ తోటకు రెండుసార్లు పోయాను, ఇకామా మీద సంతకానికి. గొర్రెను దూరం నుంచి చూశాను.

ముదీర్ అబూ ఫహద్ దగ్గరికి పోయి నన్ను క్లబ్బు పేరు మీదికి మార్చమన్నాను. మాలి అని రాయించమన్నాను. "ఇన్షా అల్లా, మూడో తారీఖు లోపల" అన్నాడు.

నా భార్య ఊర్మిల ఫోన్లో అడిగింది.

"ఏమాయె?"

"అయితది."

"అందరు అచ్చేస్తున్రు. నువ్వు గూడ..."

"కావ్య నర్సింగు ఇంక రెండేండ్లున్నది. నేనస్తే ఫీజు నువ్వు కడ్తవా?"

పెట్టేసింది. బిడ్డ చదువు ఎత్తి నేను అట్లా అనకుండా ఉండాల్సింది. కానీ నేనన్నదాంట్లో అబద్ధం ఏముంది?

18 సెప్టెంబర్

గడ్డి ఇంకో మూడు మిల్లీమీటర్లు తగ్గించమన్నాడు. తగ్గించాను. బంతి బాగా పోతోంది. ఒప్పుకోవాలి.

26 సెప్టెంబర్, గురువారం

ఓడిపోయాం. మా ఆటగాడు తుర్కీ మోకాలు పోయింది.

27 సెప్టెంబర్

ఉన్నది ఉన్నట్టు రాస్తా.

మ్యాచ్ నాలుగింటికి. ఒంటిగంటకు కోచ్ వచ్చి, ఉత్తరం మూల ఎండింది, దస్ మినిట్, బస్, అన్నాడు. పది నిమిషాలు, అంతే. వాల్వు తెరిచాను. మోటారు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. పంపు గదికి కరెంటు పోయింది. అదే టైముకు ముదీర్ మనిషిని పంపాడు. జవాజాత్‌లో, అంటే ఇకామాల ఆఫీసులో, బదిలీకి వేలిముద్ర వేయాలి, రెండున్నరకు మూసేస్తారు, మస్తాన్ బండి తీశాడు, పరిగెత్తు, అని. ఆ వేలిముద్ర కోసం నేను రెండు వారాలుగా తిరుగుతున్నా. పోయాను. ఎవడైనా పోతాడు.

తిరిగి వచ్చేసరికి మూడు ఇరవై. నీళ్లు పోతూనే ఉన్నాయి. వాల్వు కట్టేసి ఇసుక చల్లాను, గోనెసంచులు ఈడ్చాను. పై నుంచి చూస్తే పచ్చగానే ఉంది. లోపల నాటు మడి.

అరగంట ఆట అయ్యాక తుర్కీ ఆ మూలలో బంతి కోసం తిరిగాడు. కాలు మట్టిలో ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. ఆ చప్పుడు నేను గేటు దగ్గరి నుంచి విన్నాను. తుర్కీ అంటే మా క్లబ్బు ప్రెసిడెంటు మేనల్లుడు.

కరెంటు పోయింది, కరెంటు వచ్చింది. పిలిచింది ముదీర్. మ్యాచ్ రోజునే వేలిముద్ర ఏమిటి? ముందురోజు పిలిస్తే ఏం పోయేది? నా చేతిలో ఏముంది?

28 సెప్టెంబర్

అందరినీ డ్రెస్సింగ్ రూములో నిలబెట్టారు. ఆటగాళ్లు, మస్తాన్, నేను. నీళ్లు వదిలింది ఎవడని ముదీర్ అడిగాడు. నన్నే చూస్తున్నాడు.

నేను నోరు తెరిచేలోపల కోచ్ లేచాడు. "నేను చెప్పాను. నా ఆర్డర్" అన్నాడు, అరబ్బీలో, అందరికీ తెలిసేలా.

ఎవడు అడిగాడు ఈయన్ని? తర్వాత పంపు గదికి వస్తే అదే అన్నాను. "ఆప్ క్యోం బోలే? మై జవాబ్ దేతా థా."

"ఓడిపోతే కోచ్ జవాబు చెప్పాలి. నా పని అదే. నీ పని గడ్డి" అన్నాడు. టీ తాగుతూ గోడ మీది ఆటో స్టార్టర్ వైపు చూశాడు. గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

అంటే నేను జవాబు చెప్పుకోలేనివాణ్ణా? తొమ్మిదేళ్లు గ్రౌండు చూసినవాడికి ఆ మాత్రం నోరు లేదా? నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

నేను చెప్పేవాణ్ణే. ఒక్క నిమిషం ఆగితే చెప్పేవాణ్ణి.

2 అక్టోబర్

ఆఫీసుకు పిలిచారు. పోయి వచ్చాను. కాఫీ ఇచ్చారు. కుర్చీలో కూర్చోమన్నారు.

3 అక్టోబర్

సంతకం పెట్టిన సంగతి రాయాలి.

అరబ్బీలో ఒక పేజీ. ముదీర్ ఉర్దూలో చెప్పాడు. "నీళ్లు కోచ్ వదలమన్నాడు, అంతే ఉంది. ఆయనే అందరి ముందు ఒప్పుకున్నాడు కదా? నువ్వు సాక్షివి. ఇది ఇస్తే నీ బదిలీ కాగితాలు ఈ వారమే పోతాయి." ఒక కాపీ నాకిచ్చి, దగ్గర పెట్టుకో, పోలీసులు ఆపితే చూపించు, అన్నాడు.

కోచ్ వదలమన్న మాట నిజం. నేను రాసిచ్చింది నిజం. ఎన్ని నిమిషాలు వదలమన్నాడో ఉందా అని అడగలేదు. అడిగితే చెప్పేవాళ్లేమో.

కాపీ చొక్కా జేబులో పెట్టుకున్నాను.

6 అక్టోబర్

కోచ్‌ని తీసేశారు. తప్పు చేసి పోతున్నాడు కాబట్టి కాంట్రాక్టు చెల్లదట. ఆయన పాస్‌పోర్టు క్లబ్బు ఆఫీసులోనే ఉంది. నాకు మీ మీద ఏ హక్కూ లేదు అని రాసిస్తేనే ఎగ్జిట్ కొడతారట. రాయనన్నాడట. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు.

"ముసలోనికి రోషముంది బాలన్నా" అన్నాడు మస్తాన్. ప్రొద్దుటూరు మనిషి. ఎవరికైనా రోషం ఉంటే ఆయనకు సంతోషం.

నాకేం సంబంధం.

10 అక్టోబర్

చలికాలం విత్తనం చల్లే రోజులు. గరిక చలికి పండిపోతుంది, దాని మీద ఇంకో గడ్డి విత్తాలి. పొద్దున సంచి మోసుకుని గ్రౌండులోకి పోతే కోచ్ అక్కడే ఉన్నాడు, చెప్పుల్లేకుండా. పని లేని మనిషికి గ్రౌండులో ఏం పని? ఆ మాట అనబోయాను. ఆయన సంచి రెండో కొస పట్టుకున్నాడు.

ఇద్దరం చల్లాం. చల్లడం వచ్చు ఆయనకు, పిడికిలి సందుల్లోంచి సమంగా వదులుతాడు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గోధుమ చల్లేవాళ్లట.

ఉత్తరం మూల దగ్గర ఆగి, ఇక్కడ రెండు పిడికిళ్లు ఎక్కువ వెయ్యి, అన్నాడు. అంతే. ఆ కాగితం మీద నా సంతకం చూశాడు. ఆయన వకీలు చూపించాడని మస్తాన్ చెప్పాడు. చూసి కూడా నాతో కలిసి విత్తనం చల్లుతాడు! తిట్టొచ్చు కదా. తిడితే నేనూ నాలుగు అనేవాణ్ణి. ఏం మనిషి ఇతను?

17 అక్టోబర్

బక్రీదు సెలవులు. ఆఫీసు మూసి ఉంది.

20 అక్టోబర్

ముదీర్‌ని అడిగాను. ఇన్షా అల్లా అన్నాడు.

22 అక్టోబర్

అడిగాను. "నాకు వేరే పని లేదా?" అన్నాడు. ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి.

23 అక్టోబర్

బస్సు కడిగే చోట మస్తాన్‌తో కూర్చున్నాను. చెమటకు కాగితం తడిసిందని జేబులోంచి తీసి ఆరబెట్టాను. మస్తాన్ చిన్నప్పుడు మదరసాలో చదివాడు. చేతిలోకి తీసుకుని పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు.

"బాలన్నా, ఇది ఎవరు రాసిచ్చినారు నీకు?"

"ముదీర్. నీళ్ల సంగతి."

"నీళ్లు ఆఖర్న ఒక్క లైను ఉండాది. పైనంతా ఏముందో తెల్సునా? నేను ఫలానా తోటలో గొర్రెలు మేపేవాణ్ణి. నా కఫీల్‌కు తెలీకుండా ఈ కోచ్ నన్ను ఆగస్టు నెల్లో తోట నుంచి పిల్చుకొచ్చి, చాటుగా గ్రౌండు పనిలో పెట్టుకున్నాడు. క్లబ్బుకు ఈ సంగతి తెలీదు. ఇట్లుండాది."

"ఆగస్టునా?"

"ఆగస్టునే. అంటే ముసలోడు ఇంకొకని మనిషిని దొంగతనంగా పెట్టుకున్నోడు. నువ్వు కఫీల్‌ని ఇడ్చిపెట్టి బయట పని చేసినోడివి. నువ్వే ఒప్పుకుని సంతకం పెట్టినావు. నాలుగో తేదీ పోలీసోడు ఆపితే ఇది సూపించమన్నాడా? సూపిచ్చు సామీ. వానికి వెతుక్కునే పని కూడా తప్పుతాది."

మస్తాన్ కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చాడు.

"సంతకం పెట్టేముందర నాకు సూపిచ్చింటే నా సొమ్మేం పోయిండేది బాలన్నా?"

ఆయనకు చూపిస్తే ఏం జరిగేదో నాకు అప్పుడే తెలుసు. అందుకే చూపించలేదు. ఇది రాసి కొట్టేద్దామనుకున్నా. ఉండనీ.

24 అక్టోబర్

ముదీర్ గదిలోకి చెప్పకుండా పోయాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి. కాగితం బల్ల మీద పెట్టాను. ఆగస్టులో వచ్చానా నేను? ఈ గ్రౌండు ఎవడు పెంచాడు? మీకు తెలియదా నేనెవడినో? ఉర్దూలో ఎంత వస్తే అంత అరిచాను.

ఆయనకు కోపం కూడా రాలేదు. అది ఇంకా మండించింది.

"సంతకం ఎవరిది?" అన్నాడు.

"నాదే. కానీ మీరు చెప్పింది..."

"బాలా, క్లబ్బు ఇప్పటికే సర్కారు లెక్కలో ఎరుపులో ఉంది. బయటివాళ్లు ఎక్కువ, సౌదీలు తక్కువ. నిన్ను తొమ్మిదేళ్లు పెట్టుకున్నామని తేలితే క్లబ్బు మూతబడుతుంది. నువ్వు ఎవరో మాకు తెలియదు. వెళ్లి నీ గొర్రెలు చూసుకో."

ఆయన తల వెనక గోడ మీద 2006లో కప్పు గెలిచిన ఫోటో ఉంది. కింద తారీఖు అచ్చు వేసి ఉంది. ఆటగాళ్లంతా నవ్వుతున్నారు. కుడి కొసన, సగం తెగిపోయి, పైపు పట్టుకుని నేను.

27 అక్టోబర్

మస్తాన్ డీజిల్ చిట్టీల మీద సంతకానికి ముదీర్ గదిలోకి పోయి, ఫోన్లో ఆ ఫోటోను ఫోటో తీసుకొచ్చాడు. నేను అడిగితేనే తెచ్చాడు. తన ఉద్యోగం పోతుందని తెలిసే తెచ్చాడు.

ఎల్లుండి కోచ్ ఫిర్యాదు మీద లేబర్ ఆఫీసులో విచారణ. నేను పోతున్నా. కోచ్ కోసం కాదు. నేనెవరో తెలియదన్న ఆ మాట కోసం.

29 అక్టోబర్, మంగళవారం

లేబర్ ఆఫీసు బయట రోడ్డు దాకా లైను. అందరూ మనవాళ్లే, బంగ్లావాళ్లు, పాకిస్తానీలు. చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. కోచ్ టై కట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు. రమ్మని అడగలేదు, ఎందుకొచ్చావనీ అడగలేదు.

అధికారి కళ్లద్దాల కుర్రవాడు. క్లబ్బు తరఫున ముదీర్ గుమాస్తా వచ్చాడు. మస్తాన్ నా మాటలు అరబ్బీలో చెప్పాడు.

అధికారి నా ఇకామా చూశాడు. "నీ గొర్రెలు ఎన్ని?"

"ఒక్కటి లేదు."

"ఎప్పటి నుంచి?"

"తొమ్మిదేళ్ల నుంచి."

ఆయన నవ్వాడు. పక్క బల్ల మీది మనిషిని పిలిచి మళ్లీ చెప్పించాడు. ఆయనా నవ్వాడు. వాళ్ల నవ్వు అయ్యేదాకా నేను నిలబడ్డాను. చేతులు చూపించాను, డీజిలు, గడ్డి కోసిన మరకలు. చేతులు ఎవరికి కావాలి! ఫోటో కావాలన్నాడు. మస్తాన్ ఫోన్ ఇచ్చాడు. అధికారి వేళ్లతో పెద్దది చేసి నా ముఖం, ముదీర్ గది గోడ, తారీఖు చూశాడు. గుమాస్తా వైపు తిరిగాడు.

"ఈ కోచ్ సౌదీలో దిగింది ఈ ఆగస్టులో. ఏడేళ్ల కిందట ఈ మనిషి చేతికి పైపు ఇచ్చింది ఎవరు?"

గుమాస్తా ఫోన్ వస్తోందని బయటికి పోయాడు.

కోచ్ మీద పెట్టిన దొంగచాటు పని కేసు కొట్టేశాడు. పాస్‌పోర్టు ఇచ్చి ఎగ్జిట్ కొట్టమని రాశాడు. కాంట్రాక్టు సంగతి ఫుట్‌బాల్ వాళ్ల దగ్గర తేల్చుకోవాలట. నాతో మాత్రం నెమ్మదిగా చెప్పాడు. "క్లబ్బు ఎరుపులో ఉంది, నిన్ను దాని మీదికి మార్చలేను. నీ కఫీల్ దగ్గర నువ్వు లేవని నువ్వే చెప్పావు. ఇంకా ఐదు రోజులు ఉన్నాయి. ఇవాళే ఎగ్జిట్ తీసుకుంటే శిక్ష లేదు, మళ్లీ రావచ్చు."

తీసుకున్నాను. ఇంకేం చేయాలి?

ముదీర్ కాగితంలోని ఆఖరి లైను, ఆ నీళ్ల సంగతి, అధికారి గట్టిగా చదివాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన చెయ్యి ఊపాడు. "ఇది ఆట గొడవ. నాకొద్దు." ఆ పేజీ తిప్పేశాడు. కోచ్ నా పక్కనే ఉన్నాడు.

అడిగితే చెప్పేవాణ్ణే.

బయట మస్తాన్ సిగరెట్ వెలిగించి అన్నాడు. "అడక్కపోతే సెప్పగూడదని యాడన్నా రాసుండాదా బాలన్నా?"

నేను బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. అందరూ నాకు నీతులు చెప్పేవాళ్లే!

30 అక్టోబర్

ఊర్మిలకు చెప్పాను.

"రా మరి" అన్నది. తర్వాత, "కావ్యకు నేను చెప్త" అన్నది.

ఫీజు మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

2 నవంబర్

విత్తనం మొలిచింది. ఉత్తరం మూలలో అన్నిటికన్నా ఒత్తుగా ఉంది.

మధ్యాహ్నం ఆటో స్టార్టర్ విప్పి వైర్లకు టేపు వేశాను. ఎవరూ చెప్పలేదు. నాకు తోచింది.

3 నవంబర్, ఆదివారం

కోచ్ పోయాడు. నాది ఎల్లుండి, ఎగ్జిట్ ముద్ర ఉంది కాబట్టి ఇవాళ దాటినా పట్టుకోరు.

పొద్దున మామూలుగానే చెప్పుల్లేకుండా ఒక చుట్టు తిరిగి పంపు గదికి వచ్చాడు. పెట్టె గేటు దగ్గరే ఉంది, వచ్చిన రోజు పెట్టిన చోటే. టీ పోశాను. స్టార్టర్ ఉండే చోట గోడ మీద చదరంగా సున్నం తెల్లగా ఉంది. అటు చూశాడు, గ్లాసు చూశాడు.

తర్వాత ఎక్కడికి అని అడిగాను. ఒమాన్‌లో ఎవరో పిలిచారట, రెండో డివిజన్. "అరవై ఏడేళ్లకు ఇంకా ఎందుకు?" అన్నాను, కొంచెం గట్టిగానే. నాకు ఆయన మీద కోపం ఇంకా పోలేదు. నవ్వి, ఇంట్లో గడ్డి లేదు, అన్నాడు.

టేపు వేసిన ఆ కాగితం తీశాడు. పదిహేనో వరసలో నవంబర్ 2013 అని రాసి ఉంది. కారణం గడి ఖాళీ. పెన్ను నాకిచ్చాడు.

"నువ్వు రాయి. నీ భాషలో."

"మీకు చదవను రాదు కదా?"

"నాకు రాదు. ఒమాన్‌లో పంపు దగ్గర మీవాడు ఒకడు ఉంటాడు. నేను పోయిన ప్రతి గ్రౌండులో ఉన్నాడు. వాడితో చదివించుకుంటా."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పైన అన్నీ ఒక్కొక్క మాట. ఓడాం, ఓడాం, యుద్ధం. ఓడాం అని రాసి ఇవ్వొచ్చు, అదీ నిజమే. బయట మస్తాన్ హారన్ కొట్టాడు. ఆయన తొందర పెట్టలేదు. ఒమాన్‌లో ఉండే ఆ మనిషి ఎవడో, కరీంనగరో, నిజామాబాదో, చేతులకు గడ్డి మరకలతో ఇది చదువుతాడని అనిపించింది. వాడికి ఆటో స్టార్టర్ అంటే విడమర్చి చెప్పక్కరలేదు.

రాశాను. గడి సరిపోలేదు, పక్కకు పోయి, కాగితం కొస దాకా పోయి, కింద ఇంకో వరస పట్టింది.

కోచ్ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు. "సబ్ సే లంబా" అన్నాడు. అన్నిటికన్నా పొడుగట. మడిచి జేబులో పెట్టుకున్నాడు. బూట్లు తొడుక్కుని పోయాడు.

నేను ఆయనకు రాసిచ్చింది ఇక్కడ కూడా రాసి పెడుతున్నా:

కోచ్ పది నిమిషాలు అన్నాడు. వాల్వు తెరిచి ఆటోలో పెట్టి పోయింది నేను. మరిచింది నేను. బాలన్న, గ్రౌండు మాలి, 2004 నుంచి 2013 దాకా.